అరిజోనా చాండ్లర్‌లో పాత మోటర్‌హోమ్ వదిలించుకోవాలి, దారి చెప్పండి

కందుకూరు_కిరణ్

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. రెండు వారాల నుంచి ఈ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మా దగ్గర 2001 మోడల్ క్లాస్ సి మోటర్‌హోమ్ (ఇల్లు లాంటి బండి, ఆర్‌వీ అంటారు) ఉంది. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్, 6.8 లీటర్ల వీ10 ఇంజిన్, 29 అడుగుల పొడవు, డ్రైవర్ సీటు పైన అటక లాగా పడక ఉండే రకం. 2020 జూన్‌లో 11 వేల డాలర్లకు కొన్నాం. ఆ జనవరిలో అమ్మానాన్నా ఇక్కడికి వచ్చారు, మార్చిలో విమానాలు ఆగిపోయాయి, వెనక్కి వెళ్లే దారి లేదు. ఇద్దరికీ షుగరు, హోటల్ గది అంటే భయం, బయట చూస్తే 110 డిగ్రీల ఫారెన్‌హీట్. నాన్న ముప్పై రెండేళ్లు కందుకూరు డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసిన మనిషి, నాలుగ్గోడల మధ్య కూర్చోవడం ఆయన వల్ల కాలేదు, రోజూ పొద్దున్నే గ్యారేజీ తలుపు ఎత్తి నా కారు చుట్టూ తిరిగేవాడు. ఈ బండి కొన్నాకే ఇంట్లో అందరికీ ఊపిరాడింది. గ్రాండ్ కేనియన్ నార్త్ రిమ్ దగ్గర ఎనిమిది వేల అడుగుల ఎత్తున, జులై నెలలో స్వెట్టర్ వేసుకుని అమ్మ ఉప్మా చేసింది. అక్కడి లాడ్జి 2025 జులైలో కార్చిచ్చుకు కాలిపోయిందని చెబితే ఫోన్లో అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెట్రోల్ పోయించిన ప్రతిసారీ నాన్న వంటగట్టు పైనున్న అల్మరా తలుపు లోపలివైపు మార్కర్‌తో తేదీ, ఊరు, గ్యాలన్లు, మైళ్లు రాసి, పక్కన లీటరుకి ఎన్ని కిలోమీటర్లో లెక్క కట్టేవాడు. "మూడున్నర కూడా రావట్లేదురా, మా డిపోలో ఈ కేఎంపీఎల్ వస్తే మెమో చేతిలో పెడతారు" అనేవాడు. ఆ రాతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు బండి పరిస్థితి చెప్తాను. 2022 తర్వాత దూరం వెళ్లలేదు, పిల్లల స్కూలు, నా ఉద్యోగం మారడం, అన్నీ కలిసొచ్చాయి. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) ఇంటి ముందు పెట్టనివ్వదు కాబట్టి కూలిడ్జ్ వైపు ఒక ఖాళీ స్థలంలో నెలకు 95 డాలర్లు కట్టి పెట్టాం. నీడ లేదు. పైకప్పు రబ్బరు ఎండకు పెళుసై పగిలింది, పోయిన వానాకాలంలో ఆ అటక పడకలోకి నీళ్లు దిగాయి, ఎడమవైపు గోడ ఫైబర్‌గ్లాస్ ఊడి పొట్టలా ఉబ్బింది, చేత్తో నొక్కితే లోపలి చెక్క మెత్తగా పోతోంది. టైర్ల మీద తయారీ అంకె 2316 అని ఉంది, అంటే 2016లో 23వ వారం, పక్కగోడలన్నీ బీటలు. ఎలుకలు చేరాయి. బాగు చేయిస్తే ఎంతవుతుందని ఇద్దరిని అడిగితే, ఇద్దరూ బండి విలువ కంటే ఎక్కువే చెప్పారు.

ఇప్పుడు ఆ స్థలం ఓనర్ అమ్ముకుంటున్నాడు, జూన్ 30 లోపు తీసెయ్యమన్నాడు. మూడు స్క్రాప్ యార్డులకు ఫోన్ చేశాను, ఒకరు వద్దన్నారు, ఒకరు మేమే 900 ఎదురు కట్టాలన్నారు, ఒకరు మళ్లీ ఫోన్ చేస్తామని చేయలేదు. ఆన్‌లైన్‌లో ఒకతను "500 క్యాష్ ఇస్తా, టైటిల్ గొడవ అక్కర్లేదు, రేపే తీసుకెళ్తా" అంటున్నాడు (టైటిల్ అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం). ఆఫీసులో ఒక ఫ్రెండ్ అయితే, క్వార్ట్‌సైట్ దాటాక, అరిజోనా పడమటి చివరి ఎడారిలో ఎక్కడో వదిలేసి నంబర్ ప్లేట్ పీకేసుకుని రా, ఎవడూ అడగడు అన్నాడు. ఆ రెండోది నేను చెయ్యను. మొదటిది చెయ్యొచ్చా? టైటిల్ చేతిలో ఉంది, నా పేరూ మా ఆవిడ పేరూ రెండూ ఉన్నాయి, లోన్ లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మెసా_వెంకట్

కిరణ్ గారూ, ఆ 500 క్యాష్ అతనికి ఇవ్వకండి. ముందు ఇది చదవండి, తర్వాత మిగతావి ఆలోచిద్దాం.

నేను సరిగ్గా ఆ పనే చేశాను. నాది 27 అడుగుల ట్రైలర్, ఇంజిన్ లేనిది. "ఊరికే ఇస్తాను, తీసుకెళ్లండి" అని ప్రకటన పెడితే గంటలో ఒకతను పికప్ వేసుకుని వచ్చాడు, మంచిగా మాట్లాడాడు, పిల్లలున్నారు, ఉండటానికి ఇల్లు లేదు అన్నాడు. నాకు జాలేసింది. టైటిల్ వెనక సంతకం పెట్టి ఇచ్చాను, నోటరీ లేదు, అతని లైసెన్స్ ఫోటో తీసుకోలేదు, ఎంవీడీలో, అంటే ఇక్కడి రవాణా శాఖలో, అమ్మినట్టు నోటీసు పెట్టలేదు. రెండున్నర నెలలకు ఇంటికి ఉత్తరం వచ్చింది. బండి ప్రభుత్వ భూమిలో కాలిపోయి దొరికింది, రికార్డులో ఓనర్ నేనే.

నేను వెళ్లి చూశాను. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. గోడలూ కప్పూ ఏమీ లేవు, ఇనప చట్రం, రెండు ఇరుసులు, టైర్ల లోపలి తీగ చుట్టలు. కిటికీల అల్యూమినియం కరిగి ఇసుకలోకి పారి, మైనం గడ్డకట్టినట్టు మెరుస్తూ ఉంది. నేల మీద వేలకొద్దీ స్టేపుల్ పిన్నులు, చెక్క కాలిపోతే పిన్నులు మిగులుతాయి కదా, చెప్పుకు గుచ్చుకుంటున్నాయి. పక్కనే ఒక సగువారో కాక్టస్ ఒకవైపు నల్లగా మాడిపోయింది. దానికి చేతులు, అంటే పక్క కొమ్మలు, రావడానికే యాభై, డెబ్బై ఏళ్లు పడుతుంది, దీనికి మూడు చేతులున్నాయి. నేను ఇచ్చిన బండి వల్ల అది పోయింది. దాన్ని ఎత్తించి, శుభ్రం చేయించడానికి నాకు అయిన డబ్బు గురించి అడగకండి, డబ్బు కంటే ఆ చెట్టే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి ఎవరికి ఇచ్చినా, ఊరికే ఇచ్చినా సరే, కాగితం మారాలి. అరిజోనాలో టైటిల్ వెనక అమ్మేవాళ్ల సంతకం నోటరీ ముందు పెట్టాలి. మీ ఇద్దరి పేర్ల మధ్య టైటిల్ మీద ఏ పదం ఉందో చూడండి, "మరియు" అర్థం వచ్చే పదం ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే. ఒక్కరి పేరే ఉంటే ఆన్‌లైన్‌లోనే మార్చుకునే సదుపాయం ఉంది, మీకు రెండు పేర్లు కాబట్టి నోటరీ దగ్గరికి వెళ్లడమే సులువు. నంబర్ ప్లేటు ఇక్కడ బండిది కాదు, మీది, విప్పి ఇంటికి తెచ్చుకోండి. అమ్మిన పది రోజుల్లోపు ఎంవీడీ వెబ్‌సైట్‌లో సోల్డ్ నోటీసు పెట్టాలి, కానీ పది రోజులు ఎందుకు, అదే రాత్రి పెట్టెయ్యండి, ఐదు నిమిషాల పని. ఇన్సూరెన్స్ మాత్రం అన్నిటికన్నా చివర ఆపండి. కొనేవాడు "టైటిల్ గొడవ అక్కర్లేదు" అంటే అర్థం ఒక్కటే, ఆ బండి అతని పేరు మీదకి ఎప్పటికీ రాదు.

టూసాన్_సుధ

వెంకట్ గారు చెప్పినదానికి ఒక్క అక్షరం కూడా కలపను, అది పూర్తిగా నిజం. నేను ఇంకో విషయం చెప్పాలి, తమ్ముడూ, నువ్వు ఎలుకలు చేరాయి అని ఒక్క మాటలో దాటేశావు.

నేను నర్సుని. లోపల ఎలుక పెంటికలు ఉంటే దయచేసి చీపురు పట్టొద్దు, వాక్యూమ్ అసలే వద్దు. మన నైరుతి రాష్ట్రాల్లో డీర్ మౌస్ అనే చిన్న ఎలుక హాంటావైరస్‌ని మోస్తుంది. 1993లో ఫోర్ కార్నర్స్ ప్రాంతంలో, అంటే అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, యూటా కలిసేచోట, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు ఊపిరి అందక చనిపోతుంటే అప్పుడు బయటపడింది ఇది. ఎండిన పెంటిక, మూత్రం దుమ్ములో కలిసి పీల్చితే వస్తుంది. మూసి ఉన్న ఆర్‌వీ లాంటి చోటు దానికి సరిగ్గా సరిపోతుంది. ముందు తలుపులు కిటికీలు అన్నీ తీసి బయటికి వచ్చేయ్, కనీసం అరగంట ఆగు. తర్వాత మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది పది వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద బాగా తడిసేలా కొట్టి, ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితంతో తుడిచి సంచిలో కట్టెయ్. పిల్లల్ని తీసుకెళ్లొద్దు.

బానెట్ తీసేటప్పుడు కూడా జాగ్రత్త. మా పాత వ్యాన్‌లో ప్యాక్‌రాట్ అనే ఎలుక ఇంజిన్ మీద గూడు కట్టింది, అంతా చోయా కాక్టస్ ముళ్ల ఉండలు, ఒక్కొక్కటి నిమ్మకాయంత, ఎక్కడి నుంచి మోసుకొచ్చిందో కానీ రెండు బకెట్లు నిండాయి, కింద వైర్లన్నీ కొరికి రాగి బయటపడింది. ఆ గూళ్లలోనే రక్తం పీల్చే పురుగులు కూడా ఉంటాయి. ప్లయర్స్‌తో తియ్, చేత్తో కాదు.

ఇంకోటి, ఎవరికి ఇచ్చినా టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వు. మూడేళ్లు ఎండలో నిలబడిన ట్యాంకుని ఇంకొకరి మీద పెట్టకూడదు. నీళ్లు పోసి ఒక రోజు నాననిచ్చి, ఆర్‌వీల మురుగు పారబోసే డంప్ స్టేషన్‌లో వదులు. బండి కదలకపోతే చిన్న చక్రాల ట్యాంకు దొరుకుతుంది, దాంట్లోకి దింపి తీసుకెళ్లొచ్చు. గ్యాస్ వాల్వు కట్టేసి ఉందో లేదో కూడా చూడు.

కాసాగ్రాండే_రైతుబిడ్డ

నేను ఒకటి చేతులతో విప్పాను, అందుకని రాస్తున్నా. 1994ది, ఇంజిన్ పట్టేసింది, ఎవరికీ అక్కర్లేదు. అరిజోనా సిటీ దగ్గర మా ఫ్రెండ్‌కి రెండెకరాల స్థలం ఉంటే అక్కడికి లాగించి తొమ్మిది రోజులు పని చేశా, పొద్దున నాలుగున్నరకు మొదలుపెట్టి పదింటికి ఆపేసేవాణ్ని, ఆ తర్వాత రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

స్క్రాప్ యార్డు వాళ్లు ఎందుకు వద్దంటున్నారో నీకు అర్థం కావాలి కిరణ్. కారు అయితే మొత్తం ఇనుమే, నొక్కి పంపేస్తారు. ఆర్‌వీలో ఇనుము కింద చట్రం, ఇంజిన్ మాత్రమే. పైన ఉన్నదంతా పల్చటి ప్లైవుడ్, థర్మాకోల్ లాంటి ఫోమ్, ఫైబర్‌గ్లాస్, కార్పెట్, జిగురు. దేన్నీ దేన్నుంచీ వేరు చెయ్యలేం, అంతా ల్యాండ్‌ఫిల్‌కే (చెత్త పూడ్చే చోటికే) పోవాలి, అక్కడ టన్ను లెక్కన డబ్బు కట్టాలి. ఆ ఖర్చు వాళ్లు పెట్టుకోరు. అదీ 900 సంగతి, అంతేగాని నిన్ను మోసం చేస్తున్నారని కాదు.

విప్పేటప్పుడు తెలుసుకున్నవి కొన్ని. ఫ్రిజ్ మామూలుది కాదు, గ్యాస్ మీద నడిచే రకం, లోపల అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి, తుప్పు పట్టకుండా సోడియం క్రోమేట్ కలుపుతారు. వెనక పసుపు రంగు పొడి రాలి కనిపిస్తే లీకైందని అర్థం, అది విషం, ముట్టుకోవద్దు. పైన ఏసీలో ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదలడం క్లీన్ ఎయిర్ చట్టం కింద నేరం, లైసెన్స్ ఉన్న మెకానిక్ చేత తీయించాలి, లేదా పనిచేస్తుంటే ఏసీనే అమ్మెయ్, గంటలో పోతుంది ఈ ఊళ్లో. టైర్లు ల్యాండ్‌ఫిల్‌లో అలాగే పడేయనివ్వరు, విడిగా ఇవ్వాలి. బ్యాటరీలు విడిభాగాల షాపులో ఇస్తే కొంచెం డబ్బు కూడా ఇస్తారు. ఫైబర్‌గ్లాస్ కోస్తే ఆ నూగు చొక్కాలోకి పోయి మూడు రోజులు దురద, పొడుగు చేతుల చొక్కా, మాస్కు, కళ్లజోడు లేకుండా రంపం పట్టొద్దు.

నాకు విడి సామాను మీద 2,600 వచ్చింది, అందులో జనరేటర్ ఒక్కటే 800. ట్రక్కు, ల్యాండ్‌ఫిల్, రంపం బ్లేడ్లు, టో, అన్నీ కలిపి 1,700 ఖర్చు. తొమ్మిది రోజులకు మిగిలింది 900. ఉద్యోగం ఉన్నవాడు చేసే పని కాదు ఇది, పైగా నీకు స్థలం లేదు.

కానీ నీ కేసు వేరు. నీది ఈ-450 వీ10. దాని మీద పాడైపోయింది ఇల్లు, లారీ కాదు. డబ్బా తీసేసి ఫ్లాట్‌బెడ్ (సామాను పెట్టే చదును బల్ల) వేసుకునేవాళ్లు, ఫుడ్ ట్రక్కు కట్టుకునేవాళ్లు ఈ ఛాసిస్ కోసం వెతుకుతుంటారు. 14,050 పౌండ్ల బరువు మోసే ఛాసిస్ అది. ఇంజిన్ స్టార్ట్ అవుతుందా? నువ్వు పోస్టులో ఆ ముక్కే రాయలేదు. స్టార్ట్ అయితే "పాత ఆర్‌వీ" అని ప్రకటన పెట్టకు, "ఈ-450 ఛాసిస్, డబ్బా పాడైంది" అని పెట్టు, వచ్చే మనుషులే మారిపోతారు.

కందుకూరు_కిరణ్

అందరికీ చాలా థ్యాంక్స్. వెంకట్ గారూ, మీ పోస్టు మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, ఆ 500 అతనికి కుదరదని అప్పుడే చెప్పేశాం. సుధక్కా, శనివారం బ్లీచ్, మాస్కులతో వెళ్తున్నాం.

ఇంజిన్ సంగతి ఎందుకు రాయలేదంటే నాకే తెలీదు. రెండేళ్లుగా స్టార్ట్ చేయలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. ఈ వారం కొత్తది వేసి చూస్తాను.

నాన్నకు ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్లో "బండి స్టార్ట్ చేస్తున్నావా?" అని అడుగుతాడు, నేను ఆ చేస్తున్నా అంటాను. ఇది నాకు చాలా కష్టంగా ఉంది.

ఇంకో డౌట్, క్వార్ట్‌సైట్‌లో పాత ఆర్‌వీలు కొనే యార్డులు ఉన్నాయంటున్నారు, అక్కడిదాకా లాగించడం లాభమా?

యూమా_ప్రసాద్

క్వార్ట్‌సైట్ గురించి నేను చెప్తాను, పదేళ్లుగా శీతాకాలం అటు వెళ్లొస్తున్నాను.

మీరు చెప్పిన యార్డులు ఉన్నాయి, కానీ జూన్‌లో కాదు అండి. ఆ ఊరి జనాభా రెండున్నర వేలు ఉండదు, జనవరిలో ఆర్‌వీ షో సమయానికి చుట్టుపక్కల ఎడారి అంతా బళ్లతో నిండిపోతుంది, ఏప్రిల్ దాటితే గాలి తప్ప ఏమీ ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో అయితే మీ కిటికీలు, గుడారం, స్టవ్వు, మెట్లు అన్నీ సంతలో రెండు రోజుల్లో పోయేవి. ఇప్పుడు తీసుకెళ్తే ఫీనిక్స్ నుంచి 130 మైళ్లు, పదేళ్ల టైర్ల మీద, ఐ-10 రోడ్డు మీద, ఎండలో. టైరు పేలితే చక్రం పైనున్న బాడీ అంతా చీల్చుకుంటూ పోతుంది, పక్క కార్లో వెళ్లేవాళ్ల సంగతేంటి? పెద్ద టో ట్రక్కు పెడితే మీకొచ్చే డబ్బు కంటే ఎక్కువ అవుతుంది. వద్దు.

ఎడారిలో వదిలెయ్యమన్న మీ ఫ్రెండ్‌కి ఒక మాట చెప్పండి. అక్కడ బీఎల్‌ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూమిలో మామూలుగా పద్నాలుగు రోజులే ఉండనిస్తారు. లా పోసా లాంటి కొన్ని చోట్ల మాత్రం సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ కొనుక్కుని ఉండొచ్చు. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు ఎంతోమంది ఆ పర్మిట్ మీదే చలికాలం వెళ్లదీస్తారు. ఒకరు బండి వదిలేసి పోయినప్పుడల్లా దాన్ని ఎత్తించే ఖర్చు ఆ భూమి చూసుకునే డబ్బులోంచే పోతుంది, కొన్నిచోట్ల ఆ దారులు మూసేస్తున్నారు కూడా. నష్టపోయేది వాళ్లే.

(ఎప్పుడైనా చలికాలం వెళితే ఆ ఊరి శ్మశానంలో హై జాలీ సమాధి చూడండి. అసలు పేరు హాజీ అలీ, 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో ఒంటెలతో సామాను మోయించాలని చూసినప్పుడు ఒంటెలు తోలడానికి వచ్చినవాడు, 1902లో ఇక్కడే పోయాడు. రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, పైన రాగి ఒంటె బొమ్మ. మా అమ్మాయి ఆ ఒంటె దగ్గర నుంచి కదల్లేదు.)

దానం ఇచ్చే దారి కూడా ఉంది, కొన్ని సంస్థలు ఆర్‌వీలు తీసుకుంటాయి, వాళ్లే వచ్చి లాక్కెళ్తారు. పన్ను మినహాయింపు మాత్రం ఎక్కువ ఊహించుకోకండి, సంస్థ దాన్ని 500 డాలర్ల పైన అమ్మితే, ఎంతకు అమ్మిందో అంతే మీరు చూపించుకోవాలి, అదీ ఖర్చులన్నీ విడివిడిగా చూపించి పన్ను కట్టేవాళ్లకే. పైకప్పు పోయిన బండిని చాలామంది తీసుకోరు కూడా, ఫోటోలు ముందే పంపించి అడగండి, అబద్ధం చెప్పి పిలిస్తే గేటు దాకా వచ్చి వెనక్కి పోతారు.

నా ఓటు రైతుబిడ్డ గారికే. ఛాసిస్‌గా అమ్మండి. ఒకే ఒక్క షరతు పెట్టుకోండి, విప్పిన డబ్బాని ఎక్కడ పడేస్తారో ముందే అడగండి. వానలు మొదలయ్యే లోపు తెమల్చండి, ఇంకొక్క వాన పడితే ఆ గోడ నిలబడదు.

నాన్నగారికి చెప్పండి. ముప్పై రెండేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషికి బండికి ఆయుష్షు ఎంతో మీకంటే బాగా తెలుసు.

కందుకూరు_కిరణ్

ఆలస్యంగా రాస్తున్నందుకు సారీ, పని అయ్యాకే రాద్దామని ఆగాను.

శనివారం తెల్లవారుజామున వెళ్లాం. సుధక్క చెప్పినట్టే తలుపులు తీసి, తడిపి, తుడిచాం, నాలుగు సంచులు నిండాయి. అటక పడక కింద ప్లైవుడ్ తడిసిన అట్టముక్కలా చేతిలోకి వచ్చేసింది. కొత్త బ్యాటరీ వేశాను, ట్యాంకులో పాత పెట్రోల్ కొద్దిగానే ఉంది, దాని మీద పది గ్యాలన్లు కొత్తది పోశాను. అప్పుడు నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరు, వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ముందు గోడ చూపించాను, తర్వాత పైకప్పు, తర్వాత రెండేళ్లుగా స్టార్ట్ చేయలేదని కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "బానెట్ తీసి ఫోన్ దగ్గర పెట్టు, తాళం తిప్పు" అన్నాడు.

నాలుగోసారికి అందుకుంది. బండి మొత్తం వణికింది. నాన్న ఒక నిమిషం విని, "ఒక సిలిండర్ కొట్టట్లేదు, కాయిల్ పోయిందో, ప్లగ్గు పోయిందో చూడు, మిగతాదంతా బానే ఉంది" అన్నాడు. తర్వాత "డిపోలో అయినా బాడీ పోతే బండిని కండెమ్ చేస్తారు, ఇంజిన్ పనికొస్తే ఇంకో బండికి వేస్తారు. ఎండలో నిలబెట్టి చంపకు, పనికొచ్చే చేతిలో పెట్టు" అన్నాడు. అంతే. రెండేళ్ల నుంచి మోస్తున్న బరువు దిగినట్టయింది నాకు.

రైతుబిడ్డ అన్నా, మీరు చెప్పిన మాటలతోనే ప్రకటన పెట్టాను, ఉబ్బిన గోడ ఫోటో మొదటిదిగా పెట్టాను, ఒక సిలిండర్ సంగతీ రాశాను. మూడు రోజుల్లో ఏడుగురు అడిగారు. ఒకతను నా ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ పంపమన్నాడు, అది మోసం, ఎవరికి వచ్చినా ఆ కోడ్ ఇవ్వకండి. చివరికి ఎలోయ్ దగ్గర తేనెటీగల పెట్టెలు పెట్టుకునే ఒక పెద్దాయన, కొడుకుతో కలిసి వచ్చి చూశాడు. పెట్టెలు మోయడానికి ఫ్లాట్‌బెడ్ కావాలట. కింద పడుకుని చట్రం అంతా టార్చి వేసి చూసి, తుప్పు లేదని కొడుక్కి చూపించాడు, ఎండకు గోడలు పోతాయి కానీ ఇక్కడ ఇనుము పోదు కదా. 1,900కి ఒప్పుకున్నాం. జనరేటర్ కూడా దాంతోనే ఇచ్చేశాను, విడిగా అమ్మితే ఇంకొంచెం వచ్చేదేమో, కానీ జూన్ 30 దగ్గరపడింది. అందులో 500 ఆయన దగ్గరే ఉంచాను, డబ్బాని ల్యాండ్‌ఫిల్‌లో వేసిన తూకం చీటీ ఫోటో పంపితే ఆ 500 ఆయనవే, లేకపోతే నాకు తిరిగివ్వాలని కాగితం మీద రాసుకున్నాం. ఇలా పెట్టమని ఎవరూ చెప్పలేదు, వెంకట్ గారి కాక్టస్ గుర్తొచ్చి పెట్టాను. నిన్న రాత్రి ఆ చీటీ ఫోటో వచ్చింది.

టైటిల్ మీద మా పేర్ల మధ్య "మరియు" ఉంది, ఇద్దరం ఆయనతో పాటే బ్యాంకులో నోటరీ దగ్గరికి వెళ్లాం. ప్లేటు విప్పుకున్నాను, సోల్డ్ నోటీసు బ్యాంకు పార్కింగ్‌లోనే పెట్టాను, మర్నాడు ఇన్సూరెన్స్ ఆపాను. ఆయన ఆరు టైర్లు తెచ్చి బండి ఉన్న చోటే మార్చుకుని గానీ రోడ్డెక్కలేదు.

అల్మరా తలుపు మాత్రం నాలుగు స్క్రూలు తిప్పి తెచ్చుకున్నాను. మొదటి గీత 2020 జూన్ 27, ఫ్లాగ్‌స్టాఫ్, 31 గ్యాలన్లు. నాన్న ఫోటో పంపమన్నాడు, పంపితే ఒక లెక్క తప్పు కట్టానని చెప్పి దిద్దాడు.

లెవలింగ్ దిమ్మలు, 30 ఆంప్‌ల కేబులు, నీళ్ల పైపు, రెండు మడత కుర్చీలు మిగిలాయి. చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. ఆదివారం మారికోపా గణపతి గుడికి వెళ్తున్నాం, అటు ఉన్నవాళ్లకైతే దారిలో ఇచ్చేస్తాను.